సగంలో అందుకున్న సినిమా

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా తమ్ముడి కూతురు, నేను టీవీలో ‘నువ్వు నాకు నచ్చావ్’ చూస్తూ ఉండటం గమనించి, “అత్తా, ఈ సినిమా ఫోన్లో ఉంటుంది కదా, మొదటి నుంచి పెట్టనా?” అని అడిగింది. అప్పటికి సినిమా మొదలై గంటన్నర దాటి ఉంటుంది, పైగా మాటిమాటికీ సబ్బుల ప్రకటనలు. అక్కర్లేదమ్మా అన్నాను. ఇంటర్ చదువుతున్న ఆ పిల్లకు ఇది అంతుబట్టలేదు. మధ్యలో అందుకున్న సినిమాను, చివరిదాకా ఉంటామో లేదో కూడా తెలియకుండా, ఎందుకు చూస్తారో చెప్పమంది. అందులో వెటకారమేమీ లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఎలాగూ చూసిన సినిమాయే కదా అని అప్పటికి దాటవేశాను గానీ, ఆ జవాబు చాలదని నాకూ తెలుసు. ఎందుకంటే చూడని సినిమాలను కూడా నేను అలాగే చూస్తాను.

నేను సినిమా పండితురాలిని కాను. కెమెరా ఎక్కడ పెట్టారో, కత్తెర ఎక్కడ పడిందో నాకు తెలియదు. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, వంట పని తెమిలాక, టీవీలో ఏది వస్తుంటే అది చూసే మనిషిని. ఇన్నేళ్ళుగా అలా చూడగా చూడగా నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. తెలుగు సినిమా సత్తా ఏమిటో తేల్చుకోవాలంటే దాన్ని మధ్యలోంచి చూడాలి. ఎక్కడ అందుకున్నా పది నిమిషాల్లో మనల్ని కుదురుగా కూర్చోబెట్టగలిగితే అది మంచి సినిమా. ముందు జరిగినదంతా తెలిస్తే తప్ప రుచించని సినిమా, ఎంత డబ్బు పోసి తీసినా, నా దృష్టిలో ఒక మెట్టు కిందే. ఇంత మోటుగా చెబితే అభ్యంతరాలు చాలానే వస్తాయి. వాటిలో కొన్నింటికి నా దగ్గర సమాధానం ఉంది, కొన్నింటికి లేదు.

కాటిసీనుకు లేపండి

మా తాతగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. శ్రీరామనవమి పందిట్లో ‘సత్యహరిశ్చంద్ర’ వేస్తే ఆయన చాప, దుప్పటి చంకన పెట్టుకుని వెళ్ళేవారట. అది రాత్రి ఏ పదింటికో మొదలై తెల్లవారేదాకా నడిచే నాటకం. ఆయన మొదటి రంగం కాసేపు చూసి, ఇక కాటిసీను రాగానే లేపండిరా అని పక్కవాళ్ళకు అప్పజెప్పి నిద్రపోయేవారట. ఆయన ఒక్కరే కాదు, పందిట్లో సగం మంది పద్ధతి అదే. హరిశ్చంద్రుడు ఏమవుతాడో తెలియనివాడు ఆ ఊళ్ళో లేడు. వాళ్ళు వచ్చింది కథ కోసం కాదు, ఆ రాత్రి ఆ నటుడు కాటికాపరి పద్యాన్ని ఎంతసేపు నిలబెడతాడో వినడానికి. బాగా పాడితే వన్స్ మోర్ అని అరిచేవారు. హరిశ్చంద్రుడు కూడా కష్టాలు కాసేపు పక్కనపెట్టి, ఆ పద్యాన్నే మళ్ళీ అందుకునేవాడు.

ఆ రోజుల్లో పౌరాణిక నాటకాలు చూసినవాళ్ళకు ఇంకో సంగతి కూడా గుర్తుండే ఉంటుంది. ఒకే రాత్రి, ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు వచ్చేవారు. ఒక రంగంలో ఒక నటుడు, తరువాతి రంగంలో మరొకరు. కిరీటం అదే, పద్యం వేరే గొంతులో. ప్రేక్షకులకు ఇందులో ఏ ఇబ్బందీ ఉండేది కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకంలోకి జాషువా శ్మశానవాటిక పద్యాలు వచ్చి చేరి, కాటిసీనుకు అవే ప్రాణమైపోయినా, ఇది అతుకు అని ఎవరూ అనలేదు. ఆ సన్నివేశానికి ఏది బలమైతే అదే అక్కడ ఉండాలి, అంతే.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, మన సినిమాల్లో కథ కన్నా సన్నివేశాలే కనిపిస్తాయనీ, పాట, హాస్యం, పోట్లాట వేటికవే విడిగా ఉంటాయనీ చాలాకాలంగా ఒక విమర్శ ఉంది. విమర్శ నిజమే. కానీ అది మనకు సినిమాతో వచ్చిన జబ్బు కాదు, సినిమా రాకముందు నుంచీ మనం చూసిన తీరే అది. సన్నివేశాన్ని సన్నివేశంగా రుచి చూడటం తెలిసిన ప్రేక్షకుల కోసం తీసిన సినిమాలు కాబట్టే పాత సినిమాల్లో ఎక్కువ భాగం నా పరీక్షకు సులువుగా నిలబడతాయి.

దగ్గరగా చూస్తే

‘మాయాబజార్’ను (1957) తీసుకుందాం. దాని గొప్పతనం గురించి కొత్తగా చెప్పాల్సినదేమీ లేదు కనుక ఒక్క భాగం గురించే మాట్లాడతాను. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ద్వారకలో తిరుగుతుంటాడు. అంటే ఆ సమయంలో సావిత్రి చేస్తున్నది శశిరేఖ పాత్ర కాదు, ఎస్వీ రంగారావు పాత్ర. ఆ ఘట్టం దగ్గర టీవీ పెట్టినవాడికి ఇదంతా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పిల్ల నడకలో అడుగు పడే బరువు చూడండి. ఎవరూ లేనప్పుడు రొమ్ము విరుచుకుని, మీసం ఉన్నట్టే చెయ్యి ముఖం మీదికి పోనిచ్చి, ఎవరో వస్తున్న అలికిడి కాగానే భుజాలు ముడుచుకుని, తల వంచి, పైట సర్దుకుంటుంది. ఈ ఒంట్లో వేరే ఎవరో ఉన్నారని, ఆ ఎవరో మగవాడని, పైగా కాస్త మొరటు మనిషని అరనిమిషంలో తెలిసిపోతుంది. ముందు జరిగిన కథను సావిత్రి తన భుజాల్లో పెట్టుకుని వచ్చింది. సన్నివేశం తన కాళ్ళ మీద తాను నిలబడటమంటే నా లెక్కలో ఇదే.

‘గుండమ్మ కథ’ (1962) ఇంకా తేలిక. ఎక్కడ పెట్టినా ఒక ఇల్లు, ఒక నోరు, ఆ నోటికి బెదిరే వాళ్ళు, బెదిరినట్టు నటించే వాడు ఒకడు. పొత్రం తిప్పుతూ పిండి రుబ్బే ఆ పనివాడు నిజానికి ఎవరో తెలియకపోయినా, గుండమ్మకు తెలియనిది ఏదో వాడికి తెలుసని రామారావు కళ్ళే చెప్పేస్తాయి.

‘అహ నా పెళ్ళంట’ (1987) సంగతి మరీ చిత్రం. కోట శ్రీనివాసరావు 2025 జులైలో కన్నుమూసినప్పుడు టీవీల్లోనూ ఫోన్లలోనూ అందరూ గుర్తు చేసుకున్నది వేలాడదీసిన ఆ కోడినే. కోడిని పైనుంచి వేలాడగట్టి, దాన్ని చూస్తూ వట్టి అన్నం ముద్దలు మింగే పిసినారి. ఆయన వందల సినిమాల్లో చేశారు, ఒళ్ళు జలదరించే ప్రతినాయకుల పాత్రలు కూడా వేశారు. అయినా జనానికి ముందుగా తట్టింది ఆ నాలుగు నిమిషాలే. ఆ పిసినారి కూతురి పెళ్ళి ఎలా జరిగిందో చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. కోడిని ఎలా చూశాడో చేసి చూపించమంటే మాత్రం ఇంటిల్లిపాదీ చేసి చూపిస్తారు. ఊళ్ళో నేను వెళ్ళే టిఫిన్ హోటల్లో టీవీకి ఎప్పుడూ శబ్దం ఉండదు. ఆ వారం ఈ దృశ్యం వస్తుంటే, చేతి మీద నాలుగు ఇడ్లీ ప్లేట్లు వరసగా పెట్టుకుని వెళ్తున్న కుర్రాడు అలాగే ఆగిపోయాడు. గల్లాపెట్టె దగ్గరి యజమాని వాణ్ణి కసురుకుందామని నోరు తెరిచి, తానూ టీవీ వైపు తిరిగాడు. మాట వినబడదు, కథ తెలియాల్సిన పని లేదు. కోడి, కంచం, ఆ చూపు. నా సాంబారు చల్లారిపోయింది గానీ నాకేమీ కోపం రాలేదు.

హాల్లో ఓడి ఇంట్లో గెలిచినవి

నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం ‘ఖలేజా’. 2010 అక్టోబరులో అది విడుదలైనప్పుడు ఎలా పోయిందో అందరికీ తెలుసు. హాలు నుంచి బయటికొచ్చిన జనం ముఖాల్లో విసుగు నాకు గుర్తే. దేవుడెక్కడో ఉన్నాడనుకునే ఊరు, తాను దేవుణ్ణని ఒప్పుకోని టాక్సీ డ్రైవరు, రాజస్థాన్ ఎడారి, మందుల కంపెనీలా, గనులా, దేనికి దేనితో లంకె అని లెక్కలు వేసుకుంటూ మూడు గంటలు కూర్చున్నవాళ్ళకు ఆ సినిమా పట్టు దొరకలేదు. అదే సినిమా టీవీకి వచ్చాక, ఒకరోజు అరగంట, ఇంకోరోజు ముప్పావుగంట చొప్పున చూసినవాళ్ళకు ఆ లెక్కల బాధ లేకుండా పోయింది. వాళ్ళకు మిగిలింది మహేశ్‌బాబు మాట తీరు, ఎడారిలో ఆ ప్రయాణం, మనిషికీ నమ్మకానికీ మధ్య పెనుగులాట ఉన్న రెండు మూడు గొప్ప ఘట్టాలు. 2025 మే నెలలో మళ్ళీ విడుదల చేస్తే హాళ్ళు నిండిపోయాయి. వచ్చినవాళ్ళలో చాలామంది ఆ సినిమాను అంతకుముందు ముక్కలు ముక్కలుగానే చూసి ఉంటారని, ప్రేమించింది కూడా ఆ ముక్కలనేనని నా నమ్మకం.

ఇక్కడే ఒక అనుమానం నన్ను కూడా పీడిస్తుంది. టీవీలో ఏ సినిమా ఎన్నిసార్లు వస్తుందన్నది దాని గొప్పతనం మీద ఆధారపడిన విషయం కాదు. హక్కులు ఏ చానల్ దగ్గర ఉన్నాయి, ఆ వారం వాళ్ళ దగ్గర కొత్తది ఇంకేముంది అన్నదే అక్కడ లెక్క. ‘అతడు’ (2005) మీద ఉన్నన్ని జోకులు మరే సినిమా మీదా లేవు. ఏ రోజు టీవీ పెట్టినా అదే వస్తుందని నవ్వుకుంటాం. మరి మన ప్రేమ ఆ సన్నివేశాల బలం వల్ల పుట్టిందా, చూడగా చూడగా అలవాటై పుట్టిందా? పక్కింటివాళ్ళ కుక్క కూడా పదేళ్ళు చూస్తే ముద్దొస్తుంది. ఈ అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. కానీ అంతే తరచుగా వేసిన సినిమాలు, ఈ పాటికి ఎవరికీ పేర్లు కూడా గుర్తులేనివి, బోలెడు ఉన్నాయి. మధ్యాహ్నం వేళ అవి వస్తున్నప్పుడు రిమోట్ ఆగదు. ‘అతడు’ దగ్గర మాత్రం ఆగుతుంది. అలవాటు ఒక్కటే కారణమైతే అన్నింటి దగ్గరా ఆగాలి కదా.

సూర్యాపేటలో ఎక్కినప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ముందే చూసిన సినిమాల సంగతులు. చూడని సినిమా మాటేమిటి?

చాలా ఏళ్ళ కిందట ఒక రాత్రి పని మీద సూర్యాపేట వెళ్ళి, హైదరాబాదు నుంచి విజయవాడ పోయే వీడియో కోచ్ బస్సు భోజనాలకు అక్కడ ఆగితే అందులో ఎక్కాను. నేను ఎక్కేసరికి లోపల సినిమా సగం అయిపోయింది. పక్క సీటులో పెద్దావిడ, భోజనం అయిన తృప్తితో, ఎవరు ఎవరికి ఏమవుతారో నాకు గుసగుసగా చెప్పడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలకు ఆవిడ నిద్రపోయింది. అక్కడి నుంచి నా తంటాలు నేనే పడ్డాను. ఈ అన్నదమ్ములు ఎందుకు మాట్లాడుకోవడం లేదు? ఆ తల్లి పెద్దవాడికి వడ్డిస్తూ చిన్నవాడి వైపు ఎందుకు చూడదు? ఏదో ఆస్తి గొడవ అయి ఉంటుందనుకున్నాను, కాదేమో, తండ్రి చావు దగ్గర ఏదో జరిగి ఉంటుందనుకున్నాను. నా ఊహలో ఆ మొదటి సగం ఎంత లోతుగా అల్లుకుపోయిందంటే, క్లైమాక్సులో అన్నదమ్ములు కావలించుకుంటే నాకు నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. కొన్నాళ్ళకు ఆ సినిమా మొదటి నుంచి టీవీలో వచ్చింది. వాళ్ళు విడిపోయింది ఒక ప్రేమలేఖ తారుమారైనందుకట. ఆ లేఖ చేతులు మారే హాస్యం అరగంట పాటు సాగుతుంది. అంత చప్పటి మొదలు చూసి ఉంటే చివర్లో నాకు కన్నీళ్ళు వచ్చేవే కావు.

సినిమా పేరు చెప్పి దాన్ని తీసినవాళ్ళను నొప్పించడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పదలచుకున్నది, మధ్యలో అందుకున్న ప్రేక్షకుడు ఖాళీగా కూర్చోడని. తెలియని భాగాన్ని తానే పూరించుకుంటాడు. తల్లి వడ్డించే తీరులాంటి చిన్న చిన్న ఆధారాలు సన్నివేశంలో ఉంటేనే అది సాధ్యం. ఆ సినిమాలో రెండో సగం తీసినవాడికి ఆ సంగతి తెలుసు. మొదటి సగం దగ్గర ఎందుకో మరిచిపోయాడు. ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ లాగాడు అని హాలు బయట అనే మాట మనకు అలవాటే గానీ, తిరగబడిన ఉదాహరణలు కూడా తక్కువేమీ కాదు.

నిలవని చోట్లు

ఇక అభ్యంతరాలు. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) నా పరీక్షలో నెగ్గదు. విశాఖలోని ఆ పేటలో, ఎక్కువగా అక్కడి మామూలు మనుషులతోనే తీసిన ఆ సినిమాలో నాలుగు కథలు పక్కపక్కనే నడుస్తాయి. అవన్నీ ఎందుకు పక్కపక్కన ఉన్నాయన్నది చివరికి గాని తెలియదు. చూడనివాళ్ళు ఉంటారు కనుక అదేమిటో చెప్పను. మధ్యలో అందుకున్నవాడికి ఆ ముగింపు ఒక చిన్న ఆశ్చర్యం మాత్రమే అవుతుంది, మొదటి నుంచి ఉన్నవాడికి కడుపులో కదులుతుంది. కాబట్టి నా పరీక్ష అన్ని మంచి సినిమాలనూ పట్టుకోలేదు. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆ సినిమాలో విడిగా చూసినా నిలబడే సన్నివేశాలు ఉన్నాయి. వినాయకుడి విగ్రహం చుట్టూ తిరిగే కథ ఒక్కటే చాలు. పరీక్షలో నెగ్గకపోయినా మార్కులు బాగానే తెచ్చుకుంటుంది. ‘దృశ్యం’ లాంటి కథలకు కూడా మొదటిసారి మొదటి నుంచే చూడాలన్న షరతు తప్పదు. రెండోసారి నుంచి ఎక్కడైనా చూడవచ్చు.

దీనికి సరిగ్గా ఎదురు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా గడ్డుది. మధ్యలో అందుకోగలగడమే గొప్పదనమైతే, డైలీ సీరియళ్ళ కంటే గొప్పవి ఉండకూడదు. ‘కార్తీక దీపం’ 2017 నుంచి 2023 దాకా నడిచింది. నడుమ ఆరు నెలలు మానేసి మళ్ళీ పెట్టినా డాక్టర్ బాబు అక్కడే ఉన్నాడు, అనుమానం అక్కడే ఉంది, వంటలక్క కళ్ళలో నీళ్ళు కూడా అక్కడే ఉన్నాయి. ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తీరిపోయేదానికి ఇన్నేళ్ళా అని రాష్ట్రమంతా నవ్వుకుంది, నవ్వుకుంటూనే చూసింది. మరి అది నా పరీక్షలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణం కావాలి కదా?

కాకూడదని నాకు తెలుసు. ఎందుకన్నది చెప్పడానికే కొంత ఆలోచించాల్సి వచ్చింది. ఆ సీరియల్ ఎక్కడ పెట్టినా అర్థమవుతుంది, ఎందుకంటే ఏ భాగంలోనూ ఏమీ జరగదు. ఒకరు ఒక మాట అంటే అక్కడున్న ఆరుగురి ముఖాలనూ మూడేసి సార్లు, ఉరుముల చప్పుడుతో చూపిస్తారు. మనం ఏదీ పోగొట్టుకోలేదు గనుక ఏదీ పూరించుకోనక్కర్లేదు. ‘మాయాబజార్’ను మధ్యలో అందుకుంటే ఆ సన్నివేశం నిండుగా ఉంది కాబట్టి అందుతుంది, సీరియల్ ఖాళీగా ఉంది కాబట్టి అందుతుంది. కనుక నా పరీక్షకు ఒక షరతు చేరుస్తున్నాను. అందుకోవడం ఒక్కటే చాలదు, ఆ పది నిమిషాలు అయ్యాక మన చేతికి ఏదో ఒకటి రావాలి.

టీవీలో ఆ రెండూ చేసి చూపించినది ‘అమృతం’. గుణ్ణం గంగరాజు నిర్మాణంలో 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన ఆ ధారావాహికలో ఏ వారం కథ ఆ వారానిదే. అమృతరావు, ఆంజనేయులు ఏదో తెలివైన పథకం వేస్తారు, అది బోల్తాపడుతుంది, ఇంటి యజమాని అప్పాజీ వస్తాడు, అమృత విలాస్‌లో సర్వం తన అమాయకత్వంతో దాన్ని ఇంకాస్త చెడగొడతాడు. అమృతం పాత్రను మొదట శివాజీరాజా, తరువాత నరేశ్, ఆపైన హర్షవర్ధన్ వేశారు. ఒక ఆదివారం ఒక మనిషి, కొన్నాళ్ళకు అదే ఇంట్లో అదే పేరుతో మరొక మనిషి. జనం చూడటం మానలేదు. మా తాతగారి కాలపు నాటకాల్లో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వచ్చినట్టే ఇది కూడా అలవాటైపోయింది. పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మాత్రం మారకుండా ఉండటం వల్ల ఇల్లు మారినట్టు అనిపించలేదనుకోండి, అది వేరే మాట.

గుమ్మం దగ్గర నిలబడి

ఈ పద్ధతిని నేను ఇంతగా వెనకేసుకొస్తున్నాను గానీ, ఇది నాకు ఎక్కడ అబ్బిందో ఆలోచిస్తే కాస్త ఇబ్బందిగా ఉంటుంది. దూరదర్శన్‌లో వారానికొక తెలుగు సినిమా వచ్చే రోజుల్లో, సినిమా మొదలయ్యే వేళకు అమ్మ వంటింట్లో ఉండేది. పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేది. మధ్యమధ్యలో ఏమైంది, ఏమైంది అని అక్కడి నుంచే అడిగితే మేము అరిచి చెప్పేవాళ్ళం. సూర్యకాంతం గొంతు వినబడితే మాత్రం ఆగలేక, అట్లకాడ చేత్తోనే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు, కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదని. ఆ సన్నివేశం అయిపోగానే అట్టు మాడిందేమోనని లోపలికి పరుగు. నాకు తెలిసి మా అమ్మ పూర్తిగా చూసిన సినిమాలు చాలా తక్కువ, పూర్తిగా చూసిన సన్నివేశాలు మాత్రం లెక్కలేనన్ని.

అంటే, నేను కళాభిరుచి అని పేరు పెట్టిన ఈ అలవాటు, కూర్చునే తీరిక లేని ఆడవాళ్ళకు తప్పనిసరై వచ్చినదే కావచ్చు. లేమిని అందంగా చూపిస్తున్నావని ఎవరైనా అంటే నేను గట్టిగా కాదనలేను. మా తమ్ముడు కొత్త టీవీ కొని, సినిమాను ఎక్కడికక్కడ ఆపడం ఎలాగో అమ్మకు నేర్పాడు. ఆవిడ కొన్ని రోజులు ఆపి చూసింది, తరువాత వద్దంది. ఆపితే ఇంట్లోవాళ్ళందరూ అమ్మా త్వరగా రా అని వంటింటి వైపు చూస్తారట, దానికన్నా సినిమా దాని దారిన అది పోతేనే నయమట. “నా కోసం అది ఆగక్కర్లేదు, నాకు కావలసినప్పుడు నేనే వస్తా” అంది. దీన్ని స్వేచ్ఛ అనుకోవాలో, ఇంటి చాకిరికి అలవాటుపడిన మనసు అనుకోవాలో నాకు తేలలేదు. ఒక్కటి మాత్రం నాకు ఊరట. ఏ చాకిరీ లేని మా తాతగారు కూడా చాప మీద పడుకుని ఇదే పని చేశారు.

వరసగా చూడాల్సినవి

ఓటీటీ వచ్చాక పరిస్థితి పూర్తిగా మారింది. అక్కడ ఏదీ మధ్యలో తగలదు. ప్రతి సినిమా సున్నా నుంచి మొదలవుతుంది, నిన్న ఆపిన చోటే ఈ రోజు మొదలవుతుంది. వెబ్ సిరీస్‌ల విషయంలో నా ఫిర్యాదు ఇంకొంచెం పెద్దది. ఈ మధ్య చూసిన తెలుగువాటిలో చాలావరకు రెండు గంటల సినిమాను ఆరేడు గంటలకు సాగదీసినట్టు ఉన్నాయి. ప్రతి భాగం చివర ఎవరో తలుపు తడతారు, ఎవరి ఫోనో మోగుతుంది, అక్కడ ఆపేస్తారు. ఆ తలుపు కోసమే ముందరి ముప్పై నిమిషాలూ నడుస్తాయి. మూడో భాగం ఒక్కటీ పెట్టి చూడండి, అందులో దానికంటూ సొంతమైనది ఏమీ ఉండదు, అన్నీ రెండో భాగం బాకీలు, నాలుగో భాగానికి అప్పులు. మనల్ని అక్కడ కూర్చోబెడుతున్నది ఆసక్తా, ఆత్రమా అని అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది.

భారీ సినిమాలన్నీ ఇంతే అని కొట్టిపారేసేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించను. ‘బాహుబలి’ రెండో భాగంలో (2017) దేవసేనను నిండుసభలో విచారించే ఘట్టం ఉంది. ఆ సభలో ఎవరు ఎవరి తల్లో, సింహాసనం ఎవరిదో తెలియకుండా చూసినా, ఒక ఆడది చెయ్యి వేసినవాడికి శిక్ష వేసిందని, దాన్ని తప్పంటున్నారని, ఆమె పక్కన నిలబడటానికి ఒకడు వచ్చాడని అర్థమవుతుంది. ఎన్నిసార్లు మధ్యలో తగిలినా నేను ఆ సభ ముగిసేదాకా లేవలేను. తేలిపోయేవి మరో రకం. హీరో రాకముందే నలుగురు మనుషులు నాలుగు మూలల నుంచి వాడెంతటివాడో చెబుతుంటే, పొగ, నిదానంగా కదిలే కాళ్ళు, చెవులు పగిలే సంగీతం తప్ప తెర మీద ఏమీ కనిపించనివి. హాల్లో మొదటి రోజు, చుట్టూ ఈలల మధ్య దానికి ఒక ఊపు ఉంటుంది, కాదనను. ఇంట్లో బట్టలు మడతపెడుతూ మధ్యలో అందుకుంటే, ఎందుకింత గోల చేస్తున్నారో అర్థం కాదు. వాడు గొప్పవాడని చెప్పడమే తప్ప, వాడు గొప్పవాడయ్యే సన్నివేశం ఎక్కడుందో వెతుక్కోవాలి.

మరి రీళ్ళ మాటేమిటి అని ఈ మధ్య ఆఫీసులో ఒకాయన అడిగారు. ముక్కలుగా చూడటమే గొప్పయితే, ఫోన్లో వచ్చే ముప్పై సెకన్ల తునకలు ఇంకా గొప్పవి కావాలి కదా అని ఆయన ప్రశ్న. ఇది పైకి బాగానే ఉన్నా, సన్నివేశానికి దాని నిడివి దానికి ఉంటుంది. ఒకరు ఇంట్లోకి వస్తారు, చెప్పులు విడుస్తారు, మంచినీళ్ళు అడుగుతారు, అసలు విషయం ఎలా ఎత్తాలో తెలియక పెరట్లో చెట్టు గురించి మాట్లాడతారు, అప్పుడు గాని గొడవ మొదలుకాదు. రీలు చేసేవాడు గొడవను ఉంచి చెట్టును తీసేస్తాడు. కాటిసీనులోనైనా పద్యం ముందు ఆ కాపరి కర్ర ఆనించుకుని కాసేపు ఊరికే నిలబడాలి, లేకపోతే పద్యం ఎవరు పాడుతున్నారో తెలియదు. నాలుగైదు నిమిషాలకు తక్కువైతే మనుషులు ఆనవాలు పట్టేంత స్పష్టంగా కనిపించరు. ఇంతా చెప్పినా ఆయన ఒప్పుకోలేదు, అవే ముప్పై సెకన్లలో తనకు నవ్వొస్తోందన్నారు. వస్తే రావచ్చు. కానీ ముప్పై సెకన్లలో సూర్యకాంతం తిట్టడం సగం కూడా పూర్తికాదు.